పెట్టెలో క్వాంటమ్ ఉంటే సరిపోదు

2025 జూన్‌లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన పత్రం వెలువడింది. అమెరికాలోని బౌల్డర్ నగరంలో కొలరాడో విశ్వవిద్యాలయంవారూ, ఆ దేశపు ప్రమాణాల సంస్థ నిస్ట్‌వారూ కలిసి, చిక్కుబడిన (ఒకదానితో ఒకటి ముడిపడిన) ఫోటాన్ల, అంటే కాంతి కణాల, జంటలనుంచి యాదృచ్ఛికమైన (రాండమ్) బిట్లను, అంటే ముందుగా ఊహించలేని 0, 1 అంకెలను, రాబట్టి, విడతకు 512 చొప్పున అందరికీ బహిరంగంగా ప్రకటించే ఏర్పాటు చేశారు. దాని పేరు కర్బీ. మొదటి నలభై రోజుల్లో చేసిన ప్రయత్నాల్లో 99.7 శాతం సఫలమయ్యాయని ఆ పత్రం చెబుతుంది.

ఈ వార్త గురించి మిత్రుల మధ్య మాట వచ్చినప్పుడు రెండు రకాల అభిప్రాయాలు విన్నాను. ప్రతి ఫోనూ క్షణానికి లక్షల రాండమ్ బిట్లు పుట్టిస్తూనే ఉంది కదా, నిమిషానికి ఐదొందల బిట్ల కోసం ఇంత ప్రయోగశాల దేనికి అన్నది మొదటిది. ఫోనులోవి లెక్కకట్టి తీసిన నకిలీ రాండమ్, ఇవి ప్రకృతి ఇచ్చిన అసలు రాండమ్, తేడా అదే అన్నది రెండోది. మొదటివారి ప్రశ్న న్యాయమైనదే. రెండోవారి సమాధానం పూర్తిగా తప్పని చెప్పలేను గానీ, అసలు విషయాన్ని అది పక్కకు తోసేస్తుందని నా నమ్మకం. క్వాంటమ్ యాదృచ్ఛికతలో గొప్పదనం ఆ బిట్లు మరింత స్వచ్ఛమైనవి కావడంలో లేదు. వాటిని పుట్టించిన పరికరాన్నిగానీ, దాన్ని తయారుచేసినవాణ్నిగానీ నమ్మకుండానే, అవి ముందుగా ఎవరికీ తెలిసినవి కావని మూడో మనిషికి రుజువు చేయగలగడంలో ఉంది. ఆ రుజువును వదిలేసి, ‘లోపల క్వాంటమ్ ఉంది’ అనే మాటను మాత్రమే అమ్మితే, కొనేవాడికి దక్కేది అమ్మేవాడి మీద నమ్మకమే. ఆ నమ్మకం పాత పద్ధతుల్లోనూ ఉంది.

ఫోటాన్‌కు తెలియదు సరే, మనకు తెలిసేదెలా?

సూత్రం చాలా తేలికైనది. పడిన వెలుతురులో సగాన్ని ముందుకు పోనిచ్చి, సగాన్ని వెనక్కి కొట్టే అద్దం మీదికి ఒక్కొక్క ఫోటాన్‌నే వదిలితే, అది ముందుకు పోవాలి లేదా వెనక్కి రావాలి. ముందువైపు డిటెక్టర్ మోగితే 0, వెనకవైపుది మోగితే 1. ఏది మోగుతుందో ముందుగా చెప్పడానికి క్వాంటమ్ మెకానిక్స్‌లో వీలు లేదు. మనకు సమాచారం చాలక కాదు, చెప్పడానికి అక్కడ ముందే నిశ్చయమైనది ఏదీ లేదని ఆ సిద్ధాంతం అంటుంది. జెనీవాలోని ఐడీ క్వాంటీక్ సంస్థ 2000ల ఆరంభంనుంచే ఇలాంటి పరికరాలు అమ్ముతోంది. 2020లో దక్షిణ కొరియాలో శాంసంగ్, ఎస్‌కే టెలికాం కలిసి విడుదల చేసిన గెలాక్సీ ఏ క్వాంటమ్ ఫోనులో అదే సంస్థ చేసిన చిప్పు ఉంది. అందులో చిన్న ఎల్‌ఈడీ వెలుతురు ఒక కెమెరా సెన్సర్ మీద పడుతుంది. ఒక్కో గడిలో ఎన్ని ఫోటాన్లు పడ్డాయన్న లెక్కలోని హెచ్చుతగ్గులే బిట్లవుతాయి.

అయితే కాగితం మీది అద్దానికీ బల్లమీది అద్దానికీ తేడా ఉంటుంది. నిజమైన అద్దం సరిగ్గా సగానికి సగం పంచదు. డిటెక్టర్ ఒకసారి మోగాక కాసేపు గుడ్డిదవుతుంది, చీకట్లో కూడా అప్పుడప్పుడూ ఊరికే మోగుతుంది. తీగల వేడివల్ల పుట్టే విద్యుత్ అలజడి వీటన్నిటిలోనూ కలుస్తుంది. కాబట్టి వచ్చిన బిట్లను అలాగే వాడుకోరు, వడగడతారు. వాన్ నాయ్‌మన్ 1951లో చెప్పిన ఉపాయం ఇప్పటికీ అందంగా అనిపిస్తుంది: బిట్లను జతలుగా తీసుకుని, 01 వస్తే 0 అనీ, 10 వస్తే 1 అనీ రాసుకుని, 00, 11 జతలను పారేయాలి. అప్పుడు ఒక్కో బిట్ దేనికదిగా వచ్చినదైతే, అద్దం ఎటు మొగ్గినా ఫలితంలో మొగ్గు ఉండదు. ఈ రోజుల్లో ఇంతకంటే శక్తిమంతమైన వడపోతలు వాడుతున్నారు. కానీ వడగట్టిన తరువాత ఆ బిట్లలో ఫోటాన్ నుంచి వచ్చిందెంత, తీగ వేడినుంచి వచ్చిందెంత అన్నది బయటినుంచి చూసేవాడికి తెలియదు.

‘పరీక్షలున్నాయి కదా’ అంటారు. ఉన్నాయి. నిస్ట్ వారిదే పదిహేను గణాంక పరీక్షల కట్ట ఒకటి ప్రసిద్ధం, ప్రతి అమ్మకందారూ ఆ పరీక్షల్లో నెగ్గామని పత్రం చూపిస్తాడు. ఆ పరీక్షలు బిట్ల వరుసలో మొగ్గు ఉందా, పునరుక్తి ఉందా అని చూస్తాయి. ఆ వరుస ముందే ఎవరికైనా తెలుసా అన్నది చూడలేవు. వృత్తాల లెక్కలో వాడే ‘పై’ (π) విలువలోని అంకెలు అలాంటి పరీక్షల్లో హాయిగా నెగ్గుతాయి, వాటిని ఎవరైనా లెక్కకట్టుకోవచ్చు. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఒక తయారీదారు నిజమైన క్వాంటమ్ పరికరంతోనే కొన్ని వందల కోట్ల బిట్లు పుట్టించి, వాటిని మెమరీ చిప్పులో దాచి, ఆ చిప్పును అందమైన పెట్టెలో పెట్టి మనకు అమ్మాడనుకుందాం. ఆ పెట్టె ఇచ్చే ప్రతి బిట్టూ ఒకప్పుడు ఫోటాన్ ఇచ్చినదే. ప్రపంచంలోని ఏ గణాంక పరీక్షా దానిలో తప్పు పట్టలేదు. కానీ మన సమాచారాన్ని గుప్తంగా ఉంచడానికి మనం దానితో చేసుకున్న ప్రతి తాళంచెవికీ నకలు ఆ తయారీదారు దగ్గర ఉంటుంది.

ఇది ఊహ మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో అనేక రాష్ట్రాల లాటరీలకు యంత్రాలను సమకూర్చే సంఘంలో భద్రతా విభాగపు అధిపతిగా పనిచేసిన ఎడ్డీ టిప్టన్ ఉదంతాన్ని ఈ విషయం మీద ఆసక్తి ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ఆ లాటరీ కంప్యూటర్లకు గైగర్ కౌంటర్ తగిలించి ఉండేది. అమెరీషియం అనే రేడియోధార్మిక మూలకపు పరమాణువుల క్షయాన్ని అది కొలిచేది, ఆ కొలతే లెక్కకు సీడ్, అంటే లెక్క మొదలుపెట్టే సంఖ్య, అయ్యేది. రేడియోధార్మిక క్షయంకంటే క్వాంటమ్ అయినది ఇంకేముంది? కానీ టిప్టన్ ప్రోగ్రాములో కొన్ని వరుసలు చేర్చాడు. ఏడాదిలో మూడే తేదీలు - మే 27, నవంబరు 23, డిసెంబరు 29. ఆ తేదీ బుధవారమో శనివారమో అయ్యి, రాత్రి ఎనిమిది దాటాక డ్రా జరిగితే, గైగర్ కౌంటర్ చెప్పినది పక్కనపెట్టి, తాను ముందుగా ఊహించగల సీడ్‌తో యంత్రం నడుస్తుంది. 2010 డిసెంబరు 29న హాట్ లాటో డ్రాలో కోటీ అరవై ఐదు లక్షల డాలర్ల బహుమతి తగిలిన టికెట్టును అతడే స్వయంగా డిమోయిన్‌లోని ఒక దుకాణంలో కొన్నాడు. దుకాణపు కెమెరాలో పడ్డ మనిషి అతడేనని తేలడంతో కథ బయటపడింది. 2017లో నేరం ఒప్పుకున్నాడు, పాతికేళ్ళ వరకు శిక్ష పడింది. బయటి ప్రయోగశాల సరిచూసి ధ్రువపత్రం ఇచ్చిన యంత్రాలవి. మిగతా మూడొందల అరవై రెండు రోజులూ అవి నిజాయితీగానే నడిచేవి గనక, ఎన్నేళ్ళ ఫలితాలు పోగేసి గణాంక పరీక్షలు పెట్టినా ఏమీ తేలేది కాదు.

గైగర్ కౌంటర్ ఏ తప్పూ చేయలేదు. పరమాణువులు ఏ తప్పూ చేయలేదు. నాకు ఈ కథలో ముఖ్యమైన సంగతి అదే.

ఎన్నోసారి నొక్కితే వచ్చింది?

మా అపార్ట్‌మెంటులో పార్కింగు స్థలాలు తిరిగి పంచవలసి వచ్చినప్పుడు సెల్లారులో సమావేశం పెట్టారు. కార్యదర్శి లాప్‌టాప్‌లో ఫ్లాట్ల నంబర్లన్నీ ఎక్సెల్‌లో ఒక వరుసగా రాసి, పక్క వరుసలో రాండమ్ సంఖ్యలు పుట్టించే సూత్రం పెట్టి, వాటి క్రమాన్నిబట్టి స్థలాలు పంచాడు. గోడమీది తెరలో అందరం చూస్తున్నాం. ఎవరి స్థలం ఏదో చదువుతుండగా, ఒక ఫ్లాటు నంబరు తప్పు పడిందని ఎవరో అన్నారు. ఆయన ఆ ఒక్క గడిని దిద్దాడు. దిద్దగానే షీటులోని సంఖ్యలన్నీ తిరిగి పుట్టాయి, పంపకం మొత్తం మారిపోయింది. ఏ గడిని ముట్టుకున్నా ఆ సూత్రం మళ్ళీ లెక్కకడుతుందన్నది ఆయనకు ఆ క్షణంలో గుర్తులేదు. లిఫ్టు పక్కన మంచి స్థలం వచ్చినవారు మొదటిదే సరైనదన్నారు. వర్షానికి నీళ్ళు కారే మూల వచ్చినవారు రెండోదే ఖాయం చేయాలన్నారు.

అప్పుడు మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు లేచి, “ఏమయ్యా, మేం రాకముందు నువ్వు దీన్ని ఎన్నిసార్లు నొక్కి చూశావు?” అని అడిగారు. కార్యదర్శి నొచ్చుకున్నాడు. “నేను మోసం చేశానంటారా మాస్టారూ?” అన్నాడు. “చేశావని నేననడం లేదు బాబూ. చెయ్యలేదని మాకు తెలిసేదెలా అని అడుగుతున్నాను” అన్నారాయన. చివరికి చీటీలు రాసి, స్టీలు డబ్బాలో వేసి, వాచ్‌మన్ కూతురి చేత తీయించారు. ఎవరూ మాట్లాడలేదు.

నేను ఆ కార్యదర్శిని ఎన్నడూ శంకించలేదు, ఎక్సెల్ సూత్రం ఆ పనికి సరిపోదనీ అనను. నలభై కార్ల పంపకానికి అది చాలు. కానీ మాస్టారి ప్రశ్నకు ఆ సూత్రం దగ్గర జవాబు లేదు. అందులో ఫోటాన్లతో నడిచే చిప్పు పెట్టినా జవాబు ఉండేది కాదు. ‘ఇది ఊహకందని సంఖ్య’ అనడం వేరు, ‘ఇది ఊహకందని సంఖ్య అని నీకు చూపించగలను’ అనడం వేరు. మనం ఇంతకాలం మొదటిదాని వెంటే పడ్డాం.

చీటీల పద్ధతికి ఉన్న బలం నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయడం లేదు. ముసలివారూ పిల్లలూ చూసి అర్థం చేసుకోగల పద్ధతి అది. అయితే కళ్ళముందు జరిగిందన్నంతమాత్రాన సరిగ్గా జరిగినట్టు కాదు. 1969 డిసెంబరు 1న వియత్నాం యుద్ధానికి యువకులను ఎంపిక చేయడానికి అమెరికాలో తీసిన లాటరీని టీవీలో దేశమంతా చూసింది. ఏడాదిలోని 366 పుట్టినరోజులను నీలం గొట్టాల్లో పెట్టి, గాజు జాడీలోంచి ఒక్కొక్కటే తీశారు. మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. నెలలవారీగా పెట్టెలో వేసిన ఆ గొట్టాలను సరిగా కలపకపోవడంతో ఏడాది చివరి నెలల తేదీలు ముందుగా వచ్చేశాయి. జనవరిలో పుట్టినవారికి వచ్చిన వరుస సంఖ్యల సగటు 201, డిసెంబరులో పుట్టినవారిది 121. చిన్న సంఖ్య వస్తే ముందుగా యుద్ధానికి పిలుపు వస్తుంది. చూసినవారిలో ఎవరి కంటికీ ఇది ఆనలేదు, తరువాత లెక్కవేసినవారికి తెలిసింది. మరుసటి ఏడాది లాటరీ పద్ధతిని సరిదిద్దడానికి జాతీయ ప్రమాణాల బ్యూరో గణాంకవేత్తలను పిలిచారు. ఆ బ్యూరోయే నేటి నిస్ట్.

75 శాతం అనే గీత

కళ్ళతో చూడటమూ చాలదు, పెట్టెను నమ్మడమూ చాలదు అంటే మిగిలేదేమిటి? ఇక్కడే భౌతికశాస్త్రవేత్త జాన్ బెల్ 1964లో కనుగొన్నది పనికొస్తుంది. దాన్ని 1969లో క్లౌజర్, హార్న్, షిమోనీ, హోల్ట్ అనే నలుగురు ప్రయోగానికి అనువుగా మలిచారు. బెల్ పరీక్ష అనే ఆ రూపాన్ని ఒక ఆటగా చెప్పవచ్చు. కాగితం కలం తీసుకుని చూడదగిన ఆట ఇది.

దూరదూరంగా రెండు పెట్టెలు. ఒక్కోదాన్నీ రెండు ప్రశ్నల్లో ఒకటి అడుగుతాం, 0 లేదా 1. ఒక్కోటీ 0 అనో 1 అనో జవాబు చెప్పాలి. ఒక పెట్టెను ఏ ప్రశ్న అడిగామో రెండోదానికి తెలియనివ్వం. రెండింటినీ 1వ ప్రశ్నే అడిగినప్పుడు జవాబులు వేరుగా ఉండాలి, మిగిలిన మూడు సందర్భాల్లోనూ ఒకటిగా ఉండాలి. అలా ఉంటే గెలుపు. ఇప్పుడు ఆ పెట్టెల్లో జవాబులు ముందే రాసిపెట్టి ఉన్నాయనుకోండి. 0, 0 అడిగినప్పుడూ, 0, 1 అడిగినప్పుడూ, 1, 0 అడిగినప్పుడూ జవాబులు కలవాలంటే నాలుగు జవాబులూ ఒకటే కాక తప్పదు. అలాగైతే 1, 1 అడిగినప్పుడు కూడా కలిసిపోయి ఓడిపోతారు. దేన్ని మార్చినా నాలుగింటిలో ఒకటి పోతుంది. అంటే ముందే రాసిపెట్టిన జవాబులతో, ఎంత తెలివైన తయారీదారు రాసినా, సగటున 75 శాతానికి మించి గెలవడం అసాధ్యం. చిక్కుబడిన కణాల జంటతో ఆడితే దాదాపు 85 శాతం వరకు గెలవవచ్చు.

దీని పర్యవసానాన్ని నిదానంగా ఆలోచించాలి. రెండు పెట్టెలూ ఆ ఆటలో 75 శాతం గీతను దాటితే, వాటి జవాబులన్నీ ముందే రాసి ఉన్నవి కావు. అందువల్ల వాటిని తయారుచేసినవాడికి కూడా అవి పూర్తిగా తెలిసి ఉండే వీలు లేదు. పెట్టె విప్పి చూడనక్కరలేదు. అందులో ఫోటాన్ ఉందా, అయాన్ ఉందా, అమెరీషియం ఉందా అని అడగనక్కరలేదు. ఎంత దాటితే ఎన్ని బిట్ల మేర ఊహకందనితనం ఉందో లెక్కకట్టే గణితమూ ఉంది. మెమరీ చిప్పు పెట్టిన మోసగాడు ఈ పరీక్షలో తప్పనిసరిగా పట్టుబడతాడు. మాస్టారి ప్రశ్నకు నాకు తెలిసినంతలో భౌతికశాస్త్రం ఇచ్చిన ఒకే ఒక సూటి జవాబు ఇది. అందుకే ఇది నన్ను ఇంతగా కదిలించింది.

దీన్ని యాదృచ్ఛికతకు ఉపయోగించవచ్చన్న ఆలోచన రోజర్ కోల్బెక్ కేంబ్రిడ్జి పరిశోధన నుంచి వచ్చింది. 2010లో మేరీలాండ్‌లో క్రిస్టఫర్ మన్రో ప్రయోగశాలలో మీటరు దూరంలో ఉన్న రెండు ఇటర్బియం అయాన్లతో ఆ ఆట ఆడించారు. దాదాపు నెలరోజుల శ్రమకు రుజువుతో సహా దక్కిన కొత్త బిట్లు 42. ఈ సంఖ్యను చూసి నవ్వినవారున్నారు. నాకైతే ఆ 42 బిట్లు, అంతకు ముందు లోకంలో పుట్టిన కోటానుకోట్ల బిట్లకంటే వేరైన జాతివి. 2018 నాటికి నిస్ట్‌లో 187 మీటర్ల దూరంలోని రెండు కేంద్రాలతో 1024 బిట్లు తీశారు. ఆ దూరం దాటడానికి వెలుతురుకే 0.6 మైక్రోసెకను పైగా పడుతుంది. అంతలోపే రెండు వైపులా ప్రశ్న, జవాబు ముగిసిపోతే, ఒక పెట్టె రెండోదానికి గుసగుసగా చెప్పుకునే వ్యవధి ఉండదు. కర్బీలో ఇదే ఆట సెకనుకు రెండున్నర లక్షలసార్లు జరుగుతుంది. ఫోటాన్లు దారిలో తప్పిపోతుంటాయి గనక ఈ రకం ప్రయోగాల్లో గెలుపు 75కి వెంట్రుకవాసి పైన మాత్రమే ఉంటుంది. అన్ని లక్షలసార్లు ఆడితేనే ఆ వెంట్రుకవాసిని గట్టిగా నిరూపించగలరు.

తేలిగ్గా తోసిపుచ్చలేని అనుమానాలు

ఒక్కో ఆటకు రెండు ప్రశ్నలను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. అంటే సెకనుకు ఐదు లక్షల రాండమ్ బిట్లు ఖర్చుపెట్టి, చివరికి విడతకు 512 బిట్లు సంపాదిస్తున్నాం. రాండమ్ బిట్లు తయారుచేయడానికి రాండమ్ బిట్లే కావలసివస్తే ఇదేం రుజువు అని చాలాకాలం నాకూ గుచ్చుకుంటూనే ఉండేది. దీనికి జవాబు కొంతవరకే తృప్తినిస్తుంది. లోపలికి పోయే బిట్లకు, బయటికి వచ్చే బిట్లకు మనం పెట్టే నియమాలు వేరు. ప్రశ్నలను ఎంచే బిట్లు రహస్యంగా ఉండనక్కరలేదు, తరువాత లోకమంతా చూసినా నష్టం లేదు, ఆ క్షణానికి ఆ పెట్టెలకు తెలియకుండా ఉంటే చాలు. వచ్చే బిట్లు మాత్రం ఆ క్షణందాకా ఎవరికీ, ఎక్కడా తెలియనివి. తక్కువ బిట్లు పెట్టి ఎక్కువ బిట్లు తీసే ప్రయోగాలు కూడా 2021లో జరిగాయి. అయినా ఎక్కడో ఒకచోట కాస్త స్వతంత్రమైన ఎంపిక ఉందని నమ్మకుండా ఈ రుజువు మొదలవదు, ఆ సంగతి దాచకూడదు.

విశ్వంలో ప్రతిదీ, మన ప్రశ్నల ఎంపికతో సహా, ఆదిలోనే రాసిపెట్టి ఉందనేవారున్నారు. ఆ వాదాన్ని ఏ ప్రయోగమూ ఖండించజాలదు. 2018లో భౌతికశాస్త్రవేత్త త్సైలింగర్ బృందం, ఆ ఎంపికలను కనీసం 780 కోట్ల ఏళ్ళ కిందట బయలుదేరిన క్వేసార్ల (అతి దూరపు నక్షత్రమండలాల ప్రకాశవంతమైన కేంద్రాల) వెలుతురుతో చేసి, అలాంటి కుట్ర ఏదైనా ఉంటే అంతకుముందే మొదలై ఉండాలని చూపించింది. నాకు అది చాలు.

దీనికంటే బలమైన అభ్యంతరం ఇంజనీర్లది. తాళాలు పగిలిన ప్రతిచోటా పగిలింది భౌతికశాస్త్రం వల్ల కాదు, ప్రోగ్రాము వల్ల అంటారు వారు. డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో 2006లో ఎవరో తీసేసిన రెండు వరుసలవల్ల, 2008 మేలో బయటపడేవరకూ, ఆ యంత్రాల్లో పుట్టిన తాళంచెవులు ఒక్కో రకంలో దాదాపు 32 వేలకు మించి ఉండేవి కావు. ఆ చోట బెల్ పరీక్ష ఉండి ఏం లాభం? ఏ లాభమూ లేదు, ఒప్పుకుంటాను. మన ఫోనుల్లో, సర్వర్లలో ఉన్న ఆపరేటింగ్ సిస్టం రాండమ్ సంఖ్యల జనరేటరు సరిగా సీడ్ అయితే, దాన్ని ఊహించడానికి దారి ఎవరికీ తెలియదు. బ్యాంకు లావాదేవీకీ ఓటీపీకీ అంతకంటే అక్కరలేదు. సొంత అవసరానికి సొంత యంత్రాన్ని వాడుకునేవాడు తనను తాను నమ్మితే చాలు. అతడికి ‘క్వాంటమ్’ ముద్ర చూపి రెట్టింపు ధర అడగడం నాకు నచ్చదు.

ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, అదీ కొలరాడో రాష్ట్రం నుంచే వచ్చింది. 2017నుంచి అక్కడ ఎన్నికల ఓట్లను నమూనాగా తీసి తిరిగి సరిచూస్తున్నారు. ఏ బ్యాలట్లను తీయాలో నిర్ణయించే సీడ్‌ను బహిరంగ సభలో పది ముఖాల పాచికలతో ఇరవై అంకెలు వేసి తీస్తారు. ఆ తరువాతి లెక్కంతా అందరికీ తెలిసిన సూత్రంతో సాగుతుంది గనక, ఎవరైనా ఇంట్లో కూర్చుని తిరిగి లెక్కకట్టి చూసుకోవచ్చు. ఖర్చు లేదు, ప్రయోగశాల అక్కరలేదు. ఇది చాలా మంచి పద్ధతి. జనం ఒకచోట చేరగలిగినచోట, ఏడాదికొకసారి జరిగే పనికి, నేనూ దీన్నే ఎంచుకుంటాను. జనం ఒకచోట చేరలేనిచోట, రోజూ జరిగే పనికి, పాచికలు ఎవరి చేతిలో ఉండాలన్నదే మళ్ళీ మాస్టారి ప్రశ్న అవుతుంది.

జనం చేరలేని చోట్లు

అలాంటి చోట్లు మన జీవితాల్లో తక్కువేమీ లేవు. అమెరికాలో పనిచేసే తెలుగువారి ఇళ్ళలో ఏటా మార్చి నెల హెచ్1బీ లాటరీ నెల. సాధారణ కోటా 65 వేలు, అక్కడ పెద్ద చదువులు చదివినవారికి మరో 20 వేలు. 2023లో వాటికోసం 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు వచ్చాయి. ఎంపిక కంప్యూటరు చేస్తుంది. అది ఎలా జరిగిందో తిరిగి లెక్కకట్టి చూసుకునే సాధనం దరఖాస్తుదారు చేతిలో లేదు. ఆ సంస్థ మోసం చేస్తోందని నేననడం లేదు, మాస్టారు అనని మాట నేనూ అనను. కానీ పొరపాటు జరగదని ఎవరనగలరు? అమెరికా విదేశాంగ శాఖ నడిపే వేరొక వీసా లాటరీలో 2011 మేలో సుమారు 22 వేలమందికి ఎంపికైనట్టు తెలిపాక, అందులో 90 శాతం దరఖాస్తు గడువులోని మొదటి రెండు రోజుల్లో పంపినవారేనని తేలింది. ప్రోగ్రాములో పొరపాటు. ఫలితాలన్నీ రద్దు చేసి మళ్ళీ డ్రా తీశారు. ఇల్లు అమ్ముకోవడానికి సిద్ధమైనవారు ఎందరో ఉండి ఉంటారు.

మన దేశంలో ఆదాయపు పన్ను శాఖ ముఖాముఖి లేని మదింపు పద్ధతి తెచ్చాక, ఎవరి కేసు ఏ అధికారికి పోవాలో యాదృచ్ఛికంగా పంచే స్వయంచాలక వ్యవస్థను పెట్టింది. పంపకం యాదృచ్ఛికమన్న హామీ మీదే ఆ పథకపు నిజాయితీ అంతా నిలబడింది. పన్ను కట్టేవాడికి అది హామీగానే ఉంది, రుజువుగా లేదు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి, తిరిగిరాని రుసుము ఒక్కోదానికి రెండు లక్షలు. జిల్లా జిల్లాకూ కలెక్టర్ల సమక్షంలో డ్రా తీశారు. అక్కడైతే జనం చేరారు, చూశారు. వీవీప్యాట్ చీటీల లెక్కకు ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో అయిదు పోలింగ్ కేంద్రాలను ఎంచడం కూడా అభ్యర్థుల ఎదుట లాటరీ తీసే చేస్తారు. ఒకటిగా ఉన్న ఆ సంఖ్య, చంద్రబాబు నాయుడు తదితర ప్రతిపక్ష నేతలు వేసిన కేసులో, 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశంతో అయిదైంది. ఇలాంటిచోట చీటీలను తీసేసి యంత్రం పెట్టమని నేనెప్పుడూ కోరను. రేపెవరైనా ఆధునికత పేరుతో చీటీల బదులు ‘క్వాంటమ్ రాండమ్ పెట్టె’ తెస్తామంటే, ఎదురు చెప్పేవారిలో ముందుంటాను.

ఇప్పుడు లాప్‌టాపులో, సర్వరులో, ఎవరూ చూడనిచోట జరుగుతున్న డ్రాలకు మాత్రం నేను కోరేది ఒకటుంది. దరఖాస్తుల జాబితాను వరుస సంఖ్యలతో, ఇక మార్చడానికి వీల్లేకుండా దాని హ్యాష్‌తో (జాబితాలో ఒక్క అక్షరం మారినా తానూ మారిపోయే గుర్తు సంఖ్యతో) సహా, ముందురోజే ప్రకటించాలి. కర్బీలా రాండమ్ బిట్లను అందరికీ ప్రకటించే బహిరంగ బీకన్ నుంచి మరునాడు ఫలానా సమయానికి వచ్చే విడతను సీడ్‌గా తీసుకుంటామని అదే ప్రకటనలో చెప్పాలి. ఆ సీడ్‌తో జాబితాను కలిపే సూత్రాన్ని కూడా ముందే బయటపెట్టాలి. జాబితా ముందు ఖాయం కాకపోతే, బిట్లు ఎంత పవిత్రమైనవైనా ప్రయోజనం లేదు. ఫలితం చూసి వరుస మార్చేవాడికి ఫోటాన్ అడ్డురాదు. బీకన్‌ను నడిపేవారినీ గుడ్డిగా నమ్మనక్కరలేదు. కర్బీలో ప్రతి దశ రికార్డునూ వేర్వేరు సంస్థల హ్యాష్ గొలుసులతో పెనవేశారు, ఏ ఒక్క సంస్థకూ తరువాత దాన్ని దిద్దే వీలుండదు. విఫలమైన విడతలు కూడా ఆ గొలుసులో మిగులుతాయి. ఎన్నోసారి నొక్కితే వచ్చిందో కనిపిస్తుంది.

మన దగ్గర ఇలాంటిది కట్టగలమా అంటే, విద్యలో లోటు లేదు. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఊర్బసి సిన్హా బృందం, దూరంగా ఉన్న జంటల బదులు, ఒకే ఫోటాన్‌ను వేర్వేరు సమయాల్లో కొలిచే లెగెట్-గార్గ్ పరీక్షతో తొమ్మిది లక్షలకు పైగా బిట్లను ధ్రువీకరించి 2024లో ప్రకటించింది. వందల మీటర్ల దూరం అక్కరలేకపోవడం ఆ పద్ధతి సుగుణం, పరికరం గురించి మరికొన్ని విషయాలు నమ్మవలసిరావడం దానికి చెల్లించే వెల. 2025 మార్చిలో జేపీ మోర్గాన్ బ్యాంకు, క్వాంటినుయమ్ సంస్థ తదితరులు 56 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) కంప్యూటరును దూరంనుంచి ప్రశ్నించి, సూపర్‌కంప్యూటర్లతో సరిచూసి, 71,313 బిట్ల యాదృచ్ఛికతను ధ్రువీకరించారు. అమరావతి క్వాంటమ్ వ్యాలీకి 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రాన్ని అదే ఏడాది ప్రకటించారు. ఆ యంత్రం మీద ఈ ప్రయోగం రేపే కుదురుతుందనను. క్యూబిట్ల సంఖ్య కంటే వాటి కచ్చితత్వమే ఇందులో ముఖ్యం, సరిచూడటానికి అయ్యే ఖర్చూ పెద్దదే. జాతీయ క్వాంటమ్ మిషన్‌కు కేటాయించిన 6,003 కోట్లలో ఒక చిన్న భాగంతో, బెల్ పరీక్ష మీద నడిచే బహిరంగ బీకన్ ఒకటి మన దేశంలో వెలిస్తే, పన్ను కేసుల పంపకాన్ని మొట్టమొదట దానికి ముడిపెట్టాలని కోరుకుంటాను. ఆ పంపకం రోజూ జరుగుతుంది, ఎవరూ చూడలేరు, పైగా దానికి కావలసిన బిట్లు నిమిషానికి ఐదొందలకంటే తక్కువే.